క్వార్టర్ ముందు బిళ్ళగన్నేరు

ఈ ఎండాకాలం మా అపార్ట్‌మెంటుకి నీళ్ళ టాంకర్ రాని రోజు లేదు. అది వెనక్కి వస్తూ చేసే కూత, పైపులు ఈడ్చే చప్పుడు, ముందు మా బ్లాకుకా మీ బ్లాకుకా అని కింద జరిగే తగువు, ఇవన్నీ అయితేగానీ మధురవాడలో మాకు తెల్లవారదు. పైగా లిఫ్టు బాగుచేస్తున్నారు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, పాలపాకెట్టు తీసుకునేసరికే ఆ రోజుకు ఉన్న ఓపిక కాస్తా అయిపోతోంది.

మొన్న అలాగే దిగి, గేటు దగ్గర అరుగు మీద ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాను. అసోసియేషన్ పనులు చూసే సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు ఆటోలోంచి మొక్కల ట్రేలు దింపిస్తున్నాడు. ప్రహరీ పొడవునా వేయించిన లాన్ ఎప్పుడో మాడిపోయింది.

"ఆంటీ, ఇక గడ్డి వద్దనుకున్నాం. ఇవి చూడండి, విన్కా అంటారు. నీళ్ళు లేకపోయినా పర్లేదంట. ఏడాదంతా పూస్తాయంట. ఎలా ఉన్నాయి?"

చూశాను. తెలుపు, గులాబీ, నారింజ, కుంకుమరంగు. మధ్యలో సూదిబెజ్జమంత కన్ను. నున్నటి ఆకులు. మా బిళ్ళగన్నేరే.

"బాగున్నాయి బాబూ. పెట్టించండి. నీళ్ళు మాత్రం ఎక్కువ పొయ్యనివ్వకండి, వేరు కుళ్ళిపోతుంది," అన్నాను.

"మీకు తెలుసా ఈ మొక్క?"

"తెలుసు," అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది. చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి. అంత కథ వినే తీరిక ఆ పిల్లవాడికీ ఉండదు. పైకొచ్చి మంచం మీద వాలాను. నిద్ర పట్టలేదు.

*

నా చిన్నతనం పోర్టు క్వార్టర్లలో గడిచింది. ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు. ఒక గది, వంటిల్లు, వెనక చిన్న పెరడు, ముందు మంచం పట్టేంత జాగా. నాన్న రేవులో క్రేను నడిపేవారు. ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము గాలి వాటాన్ని బట్టి మా మీదకి వచ్చేది. ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి గోరింటాకు నీళ్ళలో ముంచినట్టయ్యేది. అన్నం వార్చే గిన్నె మీద మూత తీస్తే అమ్మ తిట్టేది. ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది. అదొక వింతలా ఒకళ్ళకొకళ్ళం చూపించుకునేవాళ్ళం.

ఆ క్వార్టర్లకు ఒక వాసన ఉండేది. ఉప్పుగాలి, డీజిలు, ఎండుచేపలు, బొగ్గుల కుంపటి కలిసిన వాసన. ఇప్పుడు ఆ వరసలు లేవు. ఆ వాసన కూడా ఎక్కడా తగల్లేదు.

అమ్మానాన్నలది గోదావరి జిల్లా, కాలవగట్టు ఊరు. అమ్మకి నీళ్ళంటే గుమ్మంలోంచి కనిపించేవి. వేలితో గుచ్చి మరిచిపోయినా మొక్క మొలిచే నేల మీద పుట్టింది. అలాంటి మనిషి నన్ను వెంటబెట్టుకుని రోజు విడిచి రోజు కొళాయి వచ్చే చోటికి కాపరానికి వచ్చింది. బిందెలు వరసలో పెట్టి, తన వంతు వచ్చేలోగా కొళాయి కట్టేస్తే, ఖాళీ బిందెతో తిరిగొచ్చి గోడకి చేరగిలబడి కూర్చునేది.

మేం వచ్చిన ఏడాదే నాకొక తమ్ముడు పుట్టాడు. నెల తిరక్కుండానే జ్వరం వచ్చి పోయాడు. వాడి మొహం నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక్కటే. నాన్న వాడిని కొత్త తువ్వాల్లో చుట్టుకుని, ఎండ మండిపోతుండగా, ఒక్కరే నడుచుకుంటూ వెళ్ళారు. అంత పసివాళ్ళని కాల్చరు, పాతిపెడతారని నాకు అప్పుడు తెలీదు. అమ్మను బయటికి రానివ్వలేదు. బాలింత కదా. నాన్న తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కాళ్ళకు మోకాళ్ళ దాకా తడి ఇసుక. అమ్మ ఆ ఇసుక వంకే చూసింది. ఎక్కడ అని అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అప్పట్నుంచే అమ్మకి మొక్కల పిచ్చి పట్టింది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తడిగోనెలో చుట్టి మల్లె అంట్లు, చామంతి పిలకలు, కనకాంబరం మొలకలు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. ఇంటి ముందు జాగాలో మడి చేసింది. ఆ మట్టి మట్టి కాదు. క్వార్టర్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకముక్కలు, సున్నం పెళ్ళలు, వాటి మీద ఎర్రదుమ్ము. బియ్యం కడిగిన నీళ్ళు, మొహాలు కడిగిన నీళ్ళు అన్నీ వాటికే. నేను స్నానం చేస్తే రాయి కింద పళ్ళెం పెట్టి నీళ్ళు పట్టేది. ఒక్కోసారి తను తాగే చెంబులో సగం వంచేసేది.

ఏదీ బతకలేదు. మల్లె రెండు చిగుళ్ళు వేసి నల్లబడింది. చామంతి మొగ్గలోనే మాడింది. కనకాంబరాలు మాత్రం కొన్నాళ్ళు నిలబడి, ఒక గాలిదుమ్ము రోజున ఎర్రపొడి కప్పుకుని అలాగే ఎండిపోయాయి.

"ఈ నేల దేన్నీ బతకనివ్వదండీ," అంది అమ్మ ఒకరోజు, నాన్నకు అన్నం వడ్డిస్తూ. "మనం వెళ్ళిపోదాం."

నాన్న కలిపిన ముద్ద పక్కన పెట్టారు. "వెళ్ళి ఏం చేద్దాం? అక్కడ నాకెవరిస్తారు ఉద్యోగం?"

"మీరుండండి. నేనూ పిల్లా వెళ్తాం."

నాన్న మళ్ళీ ముద్ద ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

*

పక్క క్వార్టరులో ఒక ముసలావిడ ఉండేది. కొడుకు రేవులో కళాసీ. కోడలు ఆస్పత్రిలో ఆయా. మనవరాలు నా ఈడుది, నాకు ప్రాణ స్నేహితురాలు. వాళ్ళది భీమిలి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. అందరూ భీమిలి మామ్మ అనేవారు. నల్లగా, సన్నగా, పొద్దస్తమానం ఏదో ఒక పని చేస్తూ కనిపించేది. తెల్లవారుతూనే చోడిఅంబలి, అంటే రాగిజావ, కాచి, ఉల్లిపాయ కొరుక్కుంటూ గుమ్మంలో తాగేది. నేను వెళ్ళి నిలబడితే నాకో గ్లాసు. ఇంట్లో తాగనని ఏడ్చే అంబలి ఆవిడ చేత్తో ఇస్తే గడగడా తాగేసేదాన్ని.

మామ్మ ఇంటిముందు రేకుడబ్బాల్లో, పగిలిన కుండల్లో, ఆఖరికి గోడ పగుళ్ళలో కూడా బిళ్ళగన్నేరు పూసేది. తెల్లవి కొన్ని, గులాబీవి కొన్ని. వాటికి ఆవిడ ప్రత్యేకించి నీళ్ళు పోయగా నేను చూడలేదు. ఎండుచేపలు కడిగిన నీళ్ళు విసిరితే ఎన్ని చుక్కలు పడితే అన్నే.

ఆవిడ డాబా మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేది. నేనూ మనవరాలూ కాకుల్ని తోలే పనికి కూర్చుని, సగం ఎండిన నెత్తళ్ళు నిప్పుల మీద కాల్చుకుని తినేవాళ్ళం. కింద నుంచి మామ్మ కేకేసేది: "ఒలమ్మా, ఏ కాకులివి? గౌన్లేసుకున్న కాకులేటి?"

ఒకనాడు ఆవిడ అమ్మ మడి దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి సేత్తన్నావ్ తల్లీ?"

"పారిజాతం తెచ్చానండి మామ్మగారూ. ఇదైనా బతుకుతుందేమోనని."

"ఈ మట్టిలోన నీ గోదారి మొక్కలు బతకవమ్మా. నాను సెప్తాను ఇనుకో. బిళ్ళగన్నేరు ఎయ్యి. మేక ముట్టదు, ఆవు ముట్టదు, నీళ్ళడగదు. ఎప్పుడు సూసినా పూసే ఉంతాది."

అమ్మ మొహం ముడుచుకుపోయింది. "అది శ్మశానాల్లో పూసే పువ్వండీ. ఇంటిముందు పెట్టుకోం."

మామ్మ ఒక్క క్షణం అమ్మనే చూసి, "సర్లే," అని వెళ్ళిపోయింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ మామ్మ ఊరుకునే రకం కాదు. పారిజాతం కూడా ఎండిపోయాక, అమ్మ కొళాయి వరసలో ఉండగా చూసి, తన కొమ్మలు విరిచి తెచ్చి మా మడిలో గుచ్చేసింది. మట్టి కదిపి, ఇంత బూడిదా ఇంత ఇసకా కలిపి చక్కగా పెట్టింది. నేనూ మనవరాలూ సాయం చేశాం. అమ్మ సంతోషిస్తుందనే అనుకున్నాను.

అమ్మ బిందె దింపి చూసింది. ఒక్కొక్క కొమ్మా పీకి, వరస చివర రాళ్ళగుట్ట మీదకి విసిరేసింది.

"నా ఇంటిముందు సమాధులు కట్టొద్దు మామ్మగారూ," అంది గట్టిగా. వరసలో అందరూ బయటికొచ్చారు.

మామ్మ కోప్పడలేదు. "నాను ఆ లెక్కన తేలేదమ్మా," అని మాత్రం అంది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తలుపు పగలు మూసి ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. మా పిల్లలిద్దరికీ మాత్రం ఆ ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదు. పెరటిగోడ మీదుగా మాటలు, చింతకాయలు, జీడిమామిడి పళ్ళు అటూ ఇటూ నడుస్తూనే ఉండేవి. జీడిమామిడి రసం గౌను మీద పడితే మరక పోదు. నా గౌన్లన్నిటి మీదా ఆ మరకలే. అమ్మ వాటిని చూసీ చూడనట్టు ఊరుకునేది.

*

ఆ వేసవి ఊరంతా నీటికి కటకటలాడిపోయింది. కొళాయి వారానికొకసారి వచ్చినా గొప్పే. లారీలో నీళ్ళు వస్తే దాని వెనక పిల్లా పెద్దా బిందెలతో పరుగు. అమ్మ మడి బీటలు వారింది. ఒకరోజు పారతో దాన్ని చదును చేసేసి, దాని మీద పాతమంచం వేసింది. ఇక మొక్కల మాట ఎత్తలేదు. వానలు తగ్గాక మా మేనమామ వచ్చి మమ్మల్ని తీసుకెళ్తాడని మాత్రం చెప్పింది. నా బళ్ళో కూడా చెప్పేసింది.

నాకు గోదావరి వెళ్ళాలని ఉండేది, వెళ్ళకూడదనీ ఉండేది. నాన్న లేకుండా ఎలా అని అడగడానికి భయం. నాన్న ఆ రోజుల్లో ఓవర్‌టైమ్ ఎక్కువ చేసేవారు. ఇంటికొస్తే నిద్రే. నిద్రలో కూడా ఆయన మొహం అలసిపోయినట్టే ఉండేది.

సెలవుల్లో మా ఆటలన్నీ రాళ్ళగుట్ట మీదే. అమ్మ విసిరేసిన బిళ్ళగన్నేరు కొమ్మలు కొన్ని ఆ రాళ్ళ సందుల్లోనే వేళ్ళూనాయి. అంత ఎండలో వాటికెవరు నీళ్ళు పోశారో దేవుడికి తెలియాలి. గుట్ట నిండా పూలే. కాడ తీసి పువ్వును ఊదితే గిరగిర తిరుగుతుందా లేదా అని పందేలు. సన్నటి జంటకాయలు ఎండితే వేళ్ళ మధ్య నలిపి, నల్లటి గింజలు చేతిలో పోసుకునేవాళ్ళం.

పక్క వరసలో ఎవరిదో మేక ఒకటి గోడ మీది పోస్టర్లు కూడా తినేది. దానికి బిళ్ళగన్నేరు పెడితే మూతి తిప్పేసుకుంది.

"మేక తిననిది మనిసి తినగలడేటి? నువ్వు తిను సూద్దాం," అంది నా స్నేహితురాలు.

నేను తిన్నాను. గుప్పెడు ఆకులు నమిలి మింగేశాను. ఆ చేదు నాలుక మీద నుంచి చెవుల దాకా పాకింది. కాసేపటికి అక్కడే కక్కుకున్నాను. స్నేహితురాలు ఏడుస్తూ వాళ్ళ మామ్మని పిలుచుకొచ్చింది. మామ్మ నన్ను భుజాన వేసుకుని మా ఇంటికే తెచ్చింది. అన్నాళ్ళ తర్వాత అదే మా గుమ్మం తొక్కడం.

"ఈ గుంట ఆకు నమిలీసినాదమ్మా. కక్కీసినాది, భయం నేదు. మజ్జిగుంతే పట్టించు."

అమ్మ గబగబా మజ్జిగ కలిపింది. నా వీపు నిమురుతూ మామ్మ, మజ్జిగ తాగిస్తూ అమ్మ. ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. నేను తేరుకున్నాక ఇద్దరూ కలిసి తిట్టారు. చెరొకటి వేశారు కూడా. తర్వాత మామ్మ లేచి వెళ్తుంటే అమ్మ, "కూర్చోండి మామ్మగారూ, టీ పెడతాను," అంది. అంతే. పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

*

వానలు తగ్గి చలిగాలి మొదలయ్యే రోజుల్లో మామ్మ వాళ్ళకు సమాధుల పండుగ వస్తుంది. మామ్మ ఏటా భీమిలి వెళ్ళేది. ఆ ఏడు నన్ను కూడా పంపమని అడిగింది.

"నా మనవరాలు నీ పిల్ల నేకపోతే కదల్దంట. పొద్దున ఎల్లి సంజకి వచ్చీస్తాం."

అమ్మ నన్ను ఒక్కదాన్నే పంపలేదు. ఎలాగూ ఈ ఊరు వదిలి వెళ్ళిపోతున్నాం, భీమిలి ఒకసారి చూసినట్టూ ఉంటుందని తనూ బయల్దేరింది. తగరపువలస మీదుగా బస్సు. అక్కడ ఆగినప్పుడు మామ్మ బొరుగులు, అరటిపళ్ళు, కొవ్వొత్తులు కొంది. బస్సులో బుట్టలు, కోళ్ళు, చేపల తడి. మేమిద్దరం కిటికీ కోసం కొట్టుకుని, ఆఖరికి ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చున్నాం.

సముద్రానికి దగ్గర్లో, ఇసకనేల మీద ఆ సమాధులు. అలలు వినిపిస్తాయి. నేను భయపడుతూ వెళ్ళాను. అక్కడ చూస్తే తిరనాళ్ళలా ఉంది. సున్నం బక్కెట్లతో మగవాళ్ళు, కలుపు పీకుతూ ఆడవాళ్ళు, చుట్టూ పరిగెడుతున్న పిల్లలు. ఎవరి మనుషుల పక్కన వాళ్ళు చాపలు పరుచుకుని కూర్చుని, తెచ్చుకున్నవి తింటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. కింద పడుకున్నవాళ్ళకి కూడా వినిపించాలన్నంత గట్టిగా.

మామ్మ ఒక మూలకి తీసుకెళ్ళింది. అక్కడ చిన్న చిన్న దిబ్బలు పక్కపక్కనే ఉన్నాయి. పేర్లు లేవు, శిలువలు లేవు. చుట్టూ గవ్వలు గుచ్చి ఉన్నాయి. వాటి మీద బిళ్ళగన్నేరు గుబురుగా పూసి ఉంది.

"ఈలు నా పిల్లలమ్మా," అంది మామ్మ కూర్చుంటూ. "ఈడు పెద్దోడు. ఇది ఆడగుంట. ఈడికి పేరెట్టకముందే పోనాడు. ఏడాదికోసారేగా వొస్తాను. నాను రాని రోజుల్లోన ఏదో ఒకటి ఈల మీద ఉండాలి గదా. అందుకే ఎక్కడున్నా ఈ మొక్కే ఏత్తాను. ఇంటికాడ దాన్ని సూస్తే ఈలని సూసినట్టుంతాది."

అమ్మ నిలబడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మ ఎండుకొమ్మలు తుంచుతోంది, చిగుళ్ళు గిల్లుతోంది, ఆ దిబ్బలతో మధ్యమధ్య మాట్లాడుతోంది. కాసేపటికి అమ్మ కూడా పక్కన కూర్చుంది.

"ఇక్కడికొస్తే బాధ వెయ్యదా మామ్మగారూ?"

"ఏత్తాది. రాకపోతే మరీ ఏత్తాది."

"నాకు మా వాడెక్కడున్నాడో తెలీదండి."

మామ్మ చేతులు ఆగాయి. "ఆయన్ని అడిగినావా?"

"లేదు."

"ఎందుకడగనేదు?"

మామ్మ చేతికంటిన ఇసక దులుపుకుని అమ్మ మోకాలి మీద చెయ్యేసింది.

"ఆడిని మోసుకెల్లింది ఆయనే. మట్టి కప్పింది ఆయనే. అదంతా ఆయనొక్కడే మొయ్యాలేటి? అడుగమ్మా."

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు కూర్చుంది. నేను ఆమె ఒళ్ళో పడుకుని బొరుగులు తింటూ వచ్చాను.

*

మర్నాడు సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. అమ్మ తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"వాణ్ణి ఎక్కడ ఉంచారండీ?"

నాన్న చెంబు కింద పెట్టారు. ఎవరి గురించని అడగలేదు.

"సముద్రం వైపు. ఇసకదిబ్బల దగ్గర."

"నన్ను తీసుకెళ్ళండి."

"ఇప్పుడు అక్కడ..." అని ఆగి, "ఆదివారం వెళ్దాం," అన్నారు.

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. చాలా దూరం నడిచాం. నాన్న ముందు, అమ్మా నేనూ వెనక. ఇసకదిబ్బలు లేవు. వాటిని చదును చేసి గోడౌన్లు కట్టేశారు. చుట్టూ పెద్ద ప్రహరీ, ఇనపగేటు, కుర్చీలో ఒక కాపలాదారు. నాన్నకు ఆ సంగతి ముందే తెలుసునని ఆయన మొహం చూస్తే అర్థమైంది. ఎన్నిసార్లు ఒక్కరే వచ్చి ఆ గేటు బయట నిలబడి వెళ్ళారో మాకు తెలీదు.

కాపలాదారు లేచాడు. "ఏటి బావా, ఎవులు కావాల?"

నాన్న నోరు తెరిచారు. అమ్మే ముందుకొచ్చింది.

"మా అబ్బాయి లోపలున్నాడు బాబూ."

"ఏ డూటీ? పేరు సెప్పమ్మా, పిలిపిస్తాను."

"డ్యూటీ కాదు. చంటివాడు. ఇవన్నీ కట్టకముందు ఇక్కడ పెట్టాం."

ఆ మనిషికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నా వంక చూశాడు, నాన్న వంక చూశాడు. రోడ్డుకి అటూ ఇటూ చూసి, చిన్నగేటు గడియ తీశాడు.

"తొరగా వచ్చీయండమ్మా. ఎవులైనా సూస్తే నా ఉజ్జోగం పోద్ది."

లోపలంతా సిమెంటు. వరసగా రేకుల షెడ్లు. సెలవు రోజేమో మనుషులెవరూ లేరు. నాన్న నాలుగడుగులు ఇటు వేశారు, మళ్ళీ అటు వెళ్ళారు. "ఇక్కడొక సరుగుడు చెట్టుండేది... దానికి కాస్త ఎడంగా... కాదు, గట్టు ఇటు ఉండేది..." అంటూ తిరుగుతున్నారు. ఒక షెడ్డు మూల దాకా వెళ్ళి, తల అడ్డంగా ఊపి వెనక్కొచ్చారు. మళ్ళీ వెళ్ళారు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"దొరకట్లేదే," అన్నారు ఆఖరికి. "గుర్తుపెట్టుకున్నాను. రాళ్ళు కూడా పేర్చాను. నువ్వు అడిగితే చూపిద్దామని ఎంత గట్టిగా గుర్తుపెట్టుకున్నానో..." అంటూ అక్కడే, ఆ సిమెంటు మీద చతికిలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నారు.

అంత పెద్ద మనిషి, క్రేను మీంచి ఓడల్ని చూసే మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను.

అమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. తల మీద చెయ్యి వేసింది.

"చాల్లెండి. ఏ మూలైతేనేం. ఇక్కడే ఉన్నాడు కదా. నేను వచ్చానుగా," అంది.

నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. గోడవతల సముద్రం హోరు వినిపిస్తోంది. సిమెంటు వేడికి నాకు కాళ్ళు కాలుతున్నాయి. ఆ మాట మాత్రం అనలేదు. తిరిగి వస్తుంటే కాపలాదారు కుర్చీలోంచి లేచి నిలబడే ఉన్నాడు. అమ్మ అతనికి దండం పెట్టింది. అతను కంగారుపడిపోయాడు.

*

ఆ సాయంత్రమే అమ్మ మంచం తీసేసి మడి మళ్ళీ తవ్వింది. నాన్న పగిలిన ఇటుకలు ఏరుకొచ్చి చుట్టూ ఏటవాలుగా పాతారు. రాళ్ళగుట్ట మీంచి బిళ్ళగన్నేరు కొమ్మలు అమ్మే కోసుకొచ్చింది. అన్నీ నాటాక మామ్మని పిలిచి చూపించింది. మామ్మ ఒక కొమ్మ సరిగ్గా లేదని పీకి మళ్ళీ గుచ్చింది.

మొదట అమ్మ పాత అలవాటు కొద్దీ నీళ్ళు పోసి పోసి సగం మొక్కల్ని కుళ్ళబెట్టింది. మామ్మ మొత్తుకునేది: "దానికి జాలి పనికిరాదమ్మా. ఒగ్గీయ్. మట్టి ఎండనీ. ఆకు వాలినప్పుడు ఒక్క సెంబు పొయ్యి, అంతే." అమ్మకి అది నేర్చుకోవడం కష్టమైంది. చెంబు పట్టుకుని మడి దగ్గర నిలబడి, పొయ్యకుండా వెనక్కొచ్చేది. నెమ్మదిగా అలవాటైంది. చిగుళ్ళు గిల్లితే గుబురెక్కుతుందనీ, పండిన కాయలు పగిలేలోపు తెంపితే గింజ దక్కుతుందనీ తెలుసుకుంది. ఎర్రదుమ్ము పడ్డ ఆకుల్ని తడిగుడ్డతో తుడిచేది. నాన్న సెలవునాడు మంచం వాల్చుకుని ఆ మొక్కల పక్కనే పడుకునేవారు.

మేనమామ వచ్చాడు. అమ్మ ఆయనకు నాలుగు రోజులు కూరలన్నీ వండిపెట్టి, ఎండునెత్తళ్ళ మూట ఇచ్చి, ఒంటరిగానే రైలెక్కించింది. "ఏమైందే నీకు?" అని ఆయన అడుగుతుంటే నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత ఎప్పుడో, వరసలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ మా గుమ్మంలో నిలబడి పూలు బాగున్నాయని మెచ్చుకుంటూ, "మీకెంతమంది పిల్లలండీ?" అని అడిగింది. నేను బల్ల మీద లెక్కలు చేసుకుంటున్నాను. అంతకుముందు ఎవరైనా ఆ మాట అడిగితే అమ్మ నన్ను చూపించి మాట మార్చేసేది. ఆ రోజు మార్చలేదు.

"ఇద్దరండి. ఇది పెద్దది. వాడు చిన్నాడు. ఈ ఊళ్ళోనే ఉన్నాడు," అంది మామూలుగా.

భీమిలి మామ్మ నా పదో తరగతి పరీక్షల ముందు పోయింది. ఆవిడను తన పిల్లల పక్కనే పెట్టారు. నా స్నేహితురాలు పెళ్ళి చేసుకుని ఎటో వెళ్ళింది, కొన్నాళ్ళకు ఉత్తరాలు ఆగాయి. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరి, ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ చెవిలో వింటూ ఉద్యోగం వెళ్ళబుచ్చాను. ఆ ఎక్స్‌ఛేంజీ ఇప్పుడు లేదు. నాన్న రిటైరయ్యాక చుట్టాలంతా గోదావరి వచ్చెయ్యమన్నారు. అమ్మ రానంది. ఊళ్ళోనే రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కాళ్ళు సాగినన్నాళ్ళు ఇద్దరూ ఎప్పుడైనా ఒక ఆదివారం ఆ ప్రహరీ దాకా నడిచి వెళ్ళొచ్చేవారు.

అమ్మ ముందు పోయింది. అస్థికలు రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలో కలపాలని అందరూ పట్టుబట్టారు. పుట్టిన నీళ్ళు కదా అన్నారు. నాన్న ఎవరితోనూ వాదించలేదు. "ఆవిడ ఇక్కడే ఉంటుంది," అన్నారంతే. నేనూ ఆయనా వెళ్ళి, గోడౌన్లకు అవతలి ఒడ్డున, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆ పని ముగించాం. అలలు గట్టిగా ఉన్నాయి. ఆయన తూలకుండా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చాను.

ఏడుపు రాలేదు. అన్ని రోజుల ఆస్పత్రి, నిద్రలేమి. ఇద్దరం బాగా అలసిపోయి ఉన్నాం. బస్సు ఎక్కగానే నాన్న నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. చిన్నప్పుడు ఆయన నిద్రలో నేను చూసిన ఆ అలసట ఆయన మొహంలో లేదు. ఆయన్ని లేపబుద్ధి కాలేదు. మేం దిగవలసిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను కదలకుండా అలాగే కూర్చున్నాను.